తార్నాకలో వానరుల వంశావళి

తార్నాక పేరుకు పెద్దలు చెప్పే అర్థం చిత్రంగా వుంటుంది. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తీగ కట్టి రాకపోకలు నిలిపే చోటు అన్నమాట. యిప్పుడక్కడ ఆగేవాడెవడు! కింద బస్సులు, 2017 నుంచి పైన మెట్రో రైలు. ఒక పక్కన ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఉప్పల్ దారి పట్టి నడిస్తే వరసగా ప్రయోగశాలలు. వాటిలో ఒకటి సి.సి.ఎం.బి. 1977లో పుష్పమిత్ర భార్గవ గారి సారథ్యాన, పక్కనున్న రసాయన పరిశోధనాలయంలో ఒక భాగంగా మొదలై, 1987లో సొంత భవనంలో స్థిరపడింది.

పద్యాలు చెప్పుకుని బతికే నాకు అక్కడేం పని అంటారా? సందర్శకులను రానిచ్చే రోజున మా విద్యార్థులు లాక్కుపోయారు. ఆ వెళ్లడమే నాకొక కోతి కథను తగిలించింది.

దాన్ని సింహవాల వానరం అనవచ్చు. ఒళ్లు కారునలుపు, మొగం చుట్టూ వెండి జూలు, తోక కొసన సింహానికున్నట్టు కుచ్చు. గుడి మెట్ల మీద మన చేతిలో అరటిపండు లాక్కునే కోతికి దాయాదే గాని, యిది ఎక్కువగా చెట్ల మీదనే కాపురముంటుంది. పడమటి కనుమల వాన అడవుల్లో తప్ప లోకంలో మరెక్కడా పుట్టి పెరగదు. అన్నీ కలిపినా నాలుగు వేలకు మించవని అంచనా.

అంతరించిపోయే జంతువుల కోసం సి.సి.ఎం.బి. వారికి అత్తాపూరులో లాకోన్స్ అనే శాఖ వుంది. అక్కడి శాస్త్రజ్ఞుడు ఉమాపతి గారి బృందం 2015లో యీ కోతుల వంశచరిత్రను ప్రకటించింది. అడవిలోని వాటి నుంచీ, జంతుశాలల్లోని వాటి నుంచీ నమూనాలు తెచ్చి, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే డి.ఎన్.ఎ.లో సుమారు 900 అక్షరాలు చదివారు. మన గోత్రం తండ్రి వెంట వస్తుంది. యిది తల్లి వెంట వచ్చే గోత్రం.

యీ పద్ధతి నాకు కొత్తగా తోచలేదు. ఒకే కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికితే మేమూ యిదే చేస్తాం. ఏ రెండు ప్రతుల్లో ఒకే రకం పాఠాంతరాలున్నాయో చూసి, అవి ఒకే మాతృకకు పుట్టినవంటాం. తేడాలు పెరిగేకొద్దీ విడిపోయిన కాలం వెనక్కి జరుగుతుంది.

అలా చదివితే రెండు శాఖలు తేలాయి. కోయంబత్తూరు దాటి కేరళకు పోయే రైల్లో కిటికీ దగ్గర కూచున్నవారికి తెలుసు: అంత పొడుగు కొండల వరస పాల్ఘాటు దగ్గర తెగిపోయి, సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున నేల చదునవుతుంది. చెట్టు దిగని జీవికి అంతకు మించిన నాకా వుంటుందా? దానికి ఉత్తరాన వున్నవీ, దక్షిణాన వున్నవీ సుమారు 21 లక్షల ఏళ్ల క్రితమే వేరుపడ్డాయట.

అది ప్రకృతి పెట్టిన నాకా. మనిషి పెట్టినవి ఆనమలై కొండల్లో వున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి తేయాకు, కాఫీ తోటల కోసం అడవిని నరికితే, ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఆ ముక్కల్లో చిక్కిన మందల్లో యీ తల్లిగోత్రాల వైవిధ్యం, పెద్ద అడవిలోని మందలతో పోలిస్తే బాగా తరిగిపోయిందని తేలింది. ఊళ్లో వున్న రెండు మూడు యిళ్లే తరతరాలుగా మేనరికాలు కలుపుకుంటూ పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? పైకి పిల్లాజెల్లాతో కళకళలాడే మందకు కూడా, ఒక కొత్త రోగం వస్తే తట్టుకునే సత్తువ లోపల లేకపోవచ్చు. తలలు లెక్కపెట్టి తృప్తిపడితే చాలదని యీ అక్షరాలు చెబుతున్నాయి.

వాల్పారై దగ్గర కొన్ని చోట్ల రోడ్డుకు పైన, చెట్టు నుంచి చెట్టుకు నిచ్చెనల్లాంటి వంతెనలు కట్టారు. కోతులు వాటి మీదుగా దాటుతున్నాయి. రాముడి కోసం వానరులు వారధి కట్టారని చదువుకున్నాం. యిప్పుడు వానరుల కోసం మనం కట్టవలసి వచ్చింది. శతయోజనాలు అక్కర్లేదు, రోడ్డు వెడల్పు చాలు.