పెనుకొండ బండ, మైపాడు కెరటం

మదరసాలో తహారత్ పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒక మస్‌అలా దగ్గరకు వస్తాము. సముద్రపు నీరు పరిశుద్ధమైనది, దానితో వుజూ చెల్లుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ విషయాన్ని అరబ్బీలో చదివించి, ఉర్దూలో వివరించి, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకు కన్నడంలో సైతం చెప్పి ముందుకు సాగిపోయేవాళ్లము. నిరుడు వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, “హజ్రత్, ఆ నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించగలమా? కళ్లు మండవా?” అని అడిగాడు. సమాధానం చెప్పాము. అయితే అది గ్రంథంలోని సమాధానం. వేలూరులో ఎనిమిదేళ్లు చదువుకున్నాము. చెన్నపట్నం అక్కడికి దగ్గరే. అయినా సెలవు దొరికిన ప్రతిసారీ ఇంటిదారే పట్టాము. యాభై నాలుగేళ్లు వచ్చినా మేము సముద్రాన్ని చూడలేదు.

మా అమరాపురం ఆంధ్రదేశపు అంచున, కర్ణాటకను ఆనుకుని ఉన్నది. బోర్ల కింద పోకతోటలు పచ్చగా కనబడినా, ఆకాశం మాత్రం మా మీద పిసినారే. నైరుతి గాలులు పడమటి కనుమల మీద తడినంతా దింపుకుని మా దాకా వచ్చేసరికి పొడిబారిపోతాయి. ఈశాన్య గాలులకు మేము మరీ దూరం. కనుక తయమ్ముమ్ పాఠం మా పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మట్టి వారికి తెలుసు. సముద్రమే తెలియదు.

అడిగిన ఆ పిల్లవాని గురించి ఒక మాట చెప్పాలి. మడకశిర వైపు పల్లెవాడు. తండ్రి బెంగళూరులో కట్టడం పనికి పోతాడు. వీడు చేరి మూడేళ్లయినా క్రియారూపాలు నోటికి రాలేదు. ఒక రూపం చెప్పి రెండోదానికి తడబడతాడు. తండ్రికి ఫోను చేసి, పిల్లవాణ్ణి తీసుకుపోయి ఏదైనా పనిలో పెట్టుకోమని చెప్పాలని అప్పటికే నిశ్చయించుకున్నాము. డిసెంబరు ఆఖరున పిల్లలను కొండకూ సముద్రానికీ తీసుకుపోవాలని అనుకున్నప్పుడు, ఈ విహారం ముగియనీ, తర్వాత చెబుదామని ఊరుకున్నాము.

పదకొండు మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక అద్దె వ్యాను. పెనుకొండ చేరి ఫజ్ర్ నమాజు చేసుకుని, వెలుతురు రాగానే కొండ ఎక్కసాగాము. 1565లో రాక్షసతంగడి యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు హంపీని విడిచి రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కింద గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు; పైకి పోయేకొద్దీ కూలిన ద్వారాలు, బురుజులు. కోట గోడ ఎక్కడ ఆగి కొండ ఎక్కడ మొదలవుతున్నదో తెలియని చోట్లు చాలా ఉన్నాయి. రాజులు ఈ చోటును ఎందుకు ఎన్నుకున్నారో ఆ బండను చూస్తేనే అర్థమవుతుంది.

కొంత దూరం దారి వెంట నడిచి, పిల్లల పోరు పడలేక ఒక వాలుబండ మీదుగా అడ్డంగా ఎక్కాము. ఈ సీమ గ్రానైటు బండలకు ఒక గుణం ఉన్నది. యుగాల తరబడి పైపొర ఉల్లిపొరలా ఊడిపోతూ ఉంటుంది. అందువల్ల బండ గుండ్రంగా తేరి ఉంటుంది, చేతికి పట్టు దొరకదు. ఎక్కేవాణ్ణి నిలబెట్టేది అరికాలి రాపిడి ఒక్కటే. తడి తగిలినా, ఊడిన పలుకు కాలి కింద పడినా ఆ రాపిడి పోతుంది. ఎక్కేటప్పుడు ఇదేమీ మాకు తట్టలేదు. కన్ను బండ మీదే ఉండెను.

పైన కూర్చుని రొట్టెలు తింటుండగా పిల్లలలో ఒకడు నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) కుమారుని ప్రస్తావన తెచ్చాడు. కొండ ఎక్కితే నీటి నుంచి తప్పించుకోవచ్చునని అతడు అనుకున్నాడు కదా, అది ఇంత ఎత్తు కొండేనా అని. కొండల వంటి అలలని పాఠంలో చెప్పామే గాని, అల ఎట్లా ఉంటుందో మాకే తెలియదు. “రేపు చూద్దాము, బేటా” అన్నాము.

దిగేటప్పుడు లోయ మొత్తం కళ్లెదుట నిలిచింది. నాలుగు అడుగులు వేసి మేము ఆగిపోయాము. మోకాళ్లు వణికాయి. కూర్చుందామంటే జారుతామేమోనని భయం, నిలుచుందామంటే తల తిరుగుడు. మా తోటి ఉపాధ్యాయుడు అప్పటికే చాలా కిందికి దిగిపోయాడు. అప్పుడు ఆ మడకశిర పిల్లవాడు వెనక్కి ఎక్కి వచ్చి, మాకు ఒక మెట్టు కిందుగా నిలుచున్నాడు. ఇంటి దగ్గర గొర్రెలు కాసినవాడు. “హజ్రత్, చెప్పులు నాకివ్వండి. వెనక్కి వాలకండి, వాలితేనే జారుతారు. బరువు కాళ్ల మీద పెట్టండి. మడమ ఎత్తకుండా పాదమంతా ఆనించండి. ఇక్కడ ఒకటి. ఇప్పుడు ఇక్కడ” అంటూ తన అరచేతితో బండను తట్టి చోటు చూపించాడు. మేము తప్పు చోట కాలు పెట్టబోతే విసుక్కోలేదు. మళ్లీ తట్టి చూపాడు. ఎన్నిసార్లు చూపాడో మేము లెక్కపెట్టలేదు. క్రియారూపాల దగ్గర వాడు తడబడిన ప్రతిసారీ మేము ఏమనేవాళ్లమో మాత్రం ఆ బండ మీద ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చింది.

బండలెక్కే విద్యను మనవాళ్లు ఆకతాయితనంగా చూస్తారు. మేమూ అట్లాగే చూశాము. తెలంగాణ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి ఏకశిల మీద సాధన చేసి, 2014 మే 25న పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్టు శిఖరం మీద నిలిచింది. మన గండికోటలోనూ సాహస క్రీడల అకాడమీ ఉన్నది. తాడు, శిక్షకుడు లేకుండా ఎక్కించడం మా తప్పే. తల్లిదండ్రులు చదువుతారు గనుక దాచకుండా రాస్తున్నాము.

ఆ రాత్రి కదిరి, రాయచోటి, కడప, బద్వేలు మీదుగా ప్రయాణం. నంది కొండలలో పుట్టి హిందూపురం ప్రాంతంలో ఇసుకదారిగా కనబడే మన పెన్న, గండికోట దగ్గర బండలను చీల్చుకుని, సోమశిల దాటి నెల్లూరు మీదుగా సముద్రాన్ని చేరుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు. మేము కొంతసేపు దాని వెంట, కొంతసేపు దానికి దూరంగా పోయాము. పిల్లలు నిద్రలో ఉన్నారు.

మైపాడు చేరేసరికి ఇంకా చీకటి. కనబడకముందే సముద్రం వినబడింది. ఆ తీరాన సముద్రం తూర్పున, ఖిబ్లా పడమట. నమాజుకు నిలుచుంటే అంతటి జలరాశి మా వీపు వెనుక ఉండెను. ఇమామతు చేస్తున్న మాకు పిల్లల ధ్యాస ఎక్కడున్నదో తెలుసు. నిజం చెప్పవలెనంటే మా ధ్యాస కూడా అక్కడే ఉన్నది. సలాం చెప్పి వెనుదిరిగాము. పద్నాలుగో డిగ్రీ అక్షాంశానికి అటూఇటూగానే అమరాపురమూ నెల్లూరూ ఉన్నాయి. పైనున్న సూర్యుడు ఒకడే. అక్కడ పెదవులు పగిలే గాలి, ఇక్కడ చొక్కా ఒంటికి అంటుకునే గాలి.

తెల్లవారగానే పిల్లలు నీళ్లలోకి పరుగెత్తారు. కెరటాలు విరుగుతున్న చోట భయపడి, పక్కనే నున్నగా, నిశ్చలంగా కనబడిన చోటుకు పోయారు. మేమూ అదే మేలనుకున్నాము. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కేక వేశాడు: “ఆడ అల లేదని దిగొద్దయ్యా! వచ్చిన నీళ్లన్నీ ఆడనించే లోనికి పోతాయి.” ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగిపోయే దారి అది. దానిలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోయి మునుగుతారనీ, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయ దాటితే అలే తిరిగి తెస్తుందనీ ఆయన చెప్పాడు. మా పిల్లలకు ఈత రాదు. మోకాలి లోతు దాటవద్దని గీత గీశాము. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంటుంది. బయలుదేరే ముందు అవి చూసుకోవాలని కూడా మాకు అప్పుడు తెలియదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ కోస్తాకూ వచ్చింది. నూహ్ కుమారుని గురించి అడిగిన పిల్లవాడు ఆ మాట విని, చాలాసేపు ఒడ్డునే కూర్చున్నాడు.

జుహర్, అసర్ ఖస్ర్ చేసుకునే ముందు వుజూకు సముద్రపు నీరే తీసుకున్నాము. మొదట పుక్కిలించినవాడు ఆ మడకశిర పిల్లవాడే. ముఖం చిట్లించి, ఉమ్మి, మళ్లీ పోసుకుని మూడుసార్లూ పూర్తి చేశాడు. “కళ్లు మండుతాయి, హజ్రత్. కానీ కడుక్కోవచ్చు” అన్నాడు. తర్వాత మేము కడుక్కున్నాము. గడ్డం ఆరాక ఉప్పు తెల్లగా తేలింది.

వాడికి క్రియారూపాలు ఇప్పటికీ సరిగా రావు. సాయంత్రాలు వేరుగా కూర్చోబెట్టుకుని, తప్పు చెప్పినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తున్నాము. తిరిగి వచ్చిన మర్నాడు వాళ్ల నాన్నకు ఫోను చేశాము. ఆయన కంగారుగా, “ఏమైంది హజ్రత్, తీసుకుపోవాలా?” అని అడిగాడు. చలి ఎక్కువగా ఉన్నది, పిల్లవాడికి మందపాటి దుప్పటి ఒకటి పంపించండి అన్నాము.