సముద్రపు చేపకు మంచినీళ్ల మందు

జనగామలో ఉప్పునీళ్ల అక్వేరియం అంటే వినేవాళ్లకి వింతే. మహబూబాబాద్ వైపు బయ్యారం చెరువు, భూపాలపల్లి వైపు గణపసముద్రం... కాకతీయుల కాలం నుంచీ మనవన్నీ మంచినీళ్లే. రవ్వ, బొచ్చ, కొర్రమట్ట తెలిసిన మనకి, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలుండే క్లౌన్ ఫిష్ కొత్త చుట్టం. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చింది మొదలు పిల్లలకి మాత్రం అది నీమో. మా అమ్మాయి మారాం చేస్తే హైదరాబాద్ నుంచి ఓ జంటని తెచ్చాను.

ఓరోజు వాటి ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మొప్పలు ఎగరేస్తూ ఆయాసపడుతున్నాయి. మర్నాటికి మేత మానేశాయి. క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి పని అది. చర్మం కిందా మొప్పల్లోనూ దూరి కూర్చుంటుంది.

మహబూబాబాద్ నుంచి వచ్చిన మా బావ మత్స్యకారుల సంఘం సభ్యుడు. చూస్తూనే తేల్చేశాడు.

"ఉప్పునీళ్లల్ల జరసేపు ముంచి తీయ్, గంతే."

"ఉప్పునీళ్లల్లనే ఉన్నయి గద బావా!"

అందరం నవ్వుకున్నాం గానీ బావ మాటలో పాయింటుంది. చెరువులో వదిలే ముందు చేపపిల్లల్ని రెండుమూడు శాతం ఉప్పునీళ్లలో కాసేపు ముంచడం ఎప్పట్నుంచో ఉన్నదే. మంచినీటి పురుగుకి ఉప్పు గిట్టదు. మరి సముద్రపు పురుగుకి? ఉప్పు తగ్గితే గిట్టదు! ఒంట్లోకి నీరు చొరబడి పగిలిపోతుంది. చేప మాత్రం కొన్ని వారాలు తట్టుకోగలదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. మూడు రోజుల నుంచి వారంలోపు చుక్కలు వాటంతటవే మాయమవుతాయి. రోగం కుదిరిందని సంబరపడతాం. నిజానికి ఆ పురుగు అడుగుకి రాలి, గట్టి గూడు కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంటుంది. అవి బయటికొచ్చి చేపని వెతుక్కుంటూ ఈదేటప్పుడే మందుకి దొరుకుతాయి. అందుకే వైద్యం వారాల తరబడి సాగాలి. రాగి మందూ పనిచేస్తుంది. కాకపోతే రొయ్యల్నీ పగడాల్నీ చంపేస్తుంది, మోతాదు కాస్త మించితే చేపల్నీ.

రెండింటినీ వేరే తొట్టిలోకి మార్చాను. లీటరుకి 35 గ్రాములుండే ఉప్పుని రెండ్రోజుల్లో 15కి దించి, నాలుగు వారాలు అలాగే ఉంచాను. రోజూ ఉప్పు కొలవడం, అమ్మోనియా చూడటం, నీళ్లు మార్చడం... ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టే. పెద్ద తొట్టిలో ఎనిమిది వారాలు చేపన్నదే లేదు. తిండి దొరక్క పురుగు చావాలి కదా. ఉప్పు పెంచేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు, దానికి వారం పట్టింది.

జంటలో పెద్దది దక్కలేదు. అప్పటికే మొప్పలు బాగా దెబ్బతిన్నాయి. ఆరోరోజు రాత్రి పోయింది. అమ్మాయి రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చిన్నది బతికింది, ఇప్పుడు మెతుకు మెతుకూ ఏరుకుని తింటోంది. క్లౌన్ ఫిష్ జంటలో పెద్దదే ఆడది. అది పోతే మిగిలిన మగది కొన్నాళ్లకి ఆడదిగా మారుతుంది. ఈ సంగతి చెప్పినప్పట్నుంచీ దాన్ని నీమో అనాలా, నీమమ్మ అనాలా అని మా అమ్మాయి తెగ ఆలోచిస్తోంది.