సగం రేడియో

విడిభాగాలు ఏరి కంప్యూటర్ బిగించుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. వైఫై కార్డు దగ్గరికొచ్చేసరికి స్లాట్‌లో పడితే చాలనుకుంటారు.

మా మేనల్లుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సామాను కొని ఏఎండీ బోర్డు మీద మెషీన్ కట్టాడు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ఇంటెల్ ఏఎక్స్201 కార్డును ఎం.2 స్లాట్‌లో పెట్టాడు. గాటుకు గాటు సరిపోయింది, స్క్రూ పట్టింది. వడ్లగింజంత లేని యాంటెన్నా కొనలు రెండూ గోటితో నొక్కితే టక్కున కూర్చున్నాయి. విండోస్ లేచింది. డివైస్ మేనేజర్‌లో మాత్రం వైఫై ఊసే లేదు. పసుపు గుర్తు లేదు, అన్‌నోన్ డివైస్ అని కూడా లేదు. డ్రైవర్ వేశాడు, బయోస్ అప్‌డేట్ చేశాడు.

“కార్డు పోయింది మామయ్యా” అన్నాడు.

పోలేదు. వైఫైలో రెండు పనులుంటాయి. గాలిలోని సంకేతాన్ని పట్టడం రేడియో పని. ఎప్పుడు పంపాలి, ఎప్పుడు ఆగాలి, ఏ ప్యాకెట్ ఎవరికి అని చూసుకునేది మ్యాక్. మామూలు కార్డులో రెండూ ఉంటాయి. ఇంటెల్ సీఎన్‌వీఐ పద్ధతిలో మ్యాక్‌ను చిప్‌సెట్‌లోకి మార్చేసి, కార్డులో ప్రధానంగా రేడియోనే ఉంచింది. ఏఎండీ బోర్డులో ఆ రెండో సగం లేదు కాబట్టి కార్డు వచ్చిన సంగతి కూడా దానికి తెలియదు. ఒక్క అంకె తేడాతో ఉండే ఏఎక్స్200 మాత్రం పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే పూర్తి కార్డు. ఏఎక్స్210, 211ల మధ్యా ఇదే తేడా.

తయారీ ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచనను నేను తప్పుపట్టను. గాటు ఒకటే ఉంచడం మాత్రం నాకు మింగుడుపడదు. అసలు ఆ గాటు పెట్టిందే సరిపడని కార్డు లోపలికి దూరకుండా. పేరులో చివరి అంకె చూసి అన్నీ గ్రహించుకోమనడం కొనేవాడికి అన్యాయం. పనిచేసే కార్డులు ఎన్ని ఇలా చచ్చిందన్న ముద్రతో తుక్కులోకి పోతున్నాయో అనిపిస్తుంది. మెషీన్ పలకకపోతే వస్తువు చెడిందనేస్తాం. దానికి జవాబివ్వాల్సిన భాగం ఎదురుగా ఉందో లేదో చూడం.

ఏఎక్స్210 తెచ్చి పెడితే వైఫై, బ్లూటూత్ రెండూ వచ్చాయి. ఇలాంటి కార్డుల్లో బ్లూటూత్ నడిచేది యూఎస్‌బీ దారిలో. ఆ తీగలు ఎం.2 స్లాట్‌లోనే ఉంటాయి. అదే పెద్ద పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొంటే దానితో వచ్చే సన్నని వైరును బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు తగిలించాలి. మరిచిపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు.

పోయిందన్న కార్డును పారేయనివ్వలేదు. ఇంటెల్ బోర్డు దొరికినంత మాత్రాన సరిపోదు, చిప్‌సెట్‌లో ఆ సగం ఉండాలి, బోర్డు చేసినవాళ్లు దాని తీగలు స్లాట్ దాకా లాగి ఉండాలి. మావాడి స్నేహితుడి హెచ్470 బోర్డులో రెండూ ఉన్నాయి. అందులో పెట్టి డ్రైవర్ వేయగానే చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి. మావాడు వాటిని పైనుంచి కిందిదాకా చదివి, “అయితే దీన్ని వాడికే ఇచ్చేద్దాం మామయ్యా” అన్నాడు.