రసం కాదే, తొక్క!

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం

ఏమే మొద్దూ,

నీ ఉత్తరం అందింది. పిల్లాడి చదువు, ఆఫీసు గోల, ఆగని వాన అన్నీ చెప్పి అసలు బాధ చివర్లో రాశావు. సూపర్‌మార్కెట్లో కొన్న లైమ్ కార్డియల్‌తో గిమ్లెట్ కలిపావట, జిన్ పడ్డ షర్బత్తులా ఉందట. "నువ్వెలా కలుపుతావే?" అని అడిగావు.

అసలు ఆ ప్రశ్న నేను నిన్నడగాలి. ఈ పానీయం కథలో సగం నువ్వుండే ఎడింబరోదే. 1747లో సాల్స్‌బరీ అనే ఓడలో స్కర్వీతో చిగుళ్లు వాచిపోయిన పన్నెండు మంది నావికుల్ని జేమ్స్ లిండ్ అనే వైద్యుడు ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న జంట అందరికన్నా ముందు తేరుకుంది. లిండ్ పుట్టింది మీ ఊళ్లోనే, 1753లో ఆయన పుస్తకం అచ్చయిందీ అక్కడే. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం పొయ్యడానికి 1795 దాకా పట్టింది.

పిండిన రసం నెలల తరబడి ఓడలో నిలవుండాలంటే అందులో మద్యం కలపాల్సి వచ్చేది. మీ రేవు లీత్‌లో వ్యాపారం పెట్టిన లాక్లాన్ రోజ్, మద్యం లేకుండానే రసాన్ని నిలవచేసే పద్ధతికి 1867లో పేటెంటు తీసుకున్నాడు. బ్రిటిష్ వర్తక నౌకల్లో నిమ్మరసం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఇక గిరాకీకి కొదవేముంది! 1930లో లండన్ సవాయ్ హోటల్ వాళ్లు వేసిన కాక్‌టెయిల్ పుస్తకంలో గిమ్లెట్ అంటే సగం జిన్, సగం ఆ రోజ్ పేరుతో వచ్చిన తియ్యని నిలవ రసం, అదే లైమ్ కార్డియల్. అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గిమ్లెట్‌ది నిలవ రుచి. అప్పటికప్పుడు నిమ్మకాయ పిండి, పంచదార వేస్తే అదీ బాగానే ఉంటుంది కానీ గిమ్లెట్ కాదు. మామిడికాయ పప్పుకీ ఆవకాయకీ ఉన్నంత తేడా. మరి కొన్న సీసాలోదీ నిలవ రసమే కదా అంటావు. సీసా వెనక చీటీ చదువు. ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం నీళ్లూ పంచదారే, తొక్క ఊసే ఉండదు. నీ గ్లాసులో లేనిది అదే.

రసంలో ఉండేది పులుపు. నిమ్మవాసన ఉండేది తొక్క మీది సన్నని గుల్లల్లో, నూనెగా. తొక్కని దీపం దగ్గర వంచి నొక్కితే చిటపటమని మండేది ఆ నూనే. మనం పులిహోరకు రసం పిండుకుని ఆ తొక్కతో ఇత్తడి చెంబులు తోముతాం. ఊరగాయ పెట్టేటప్పుడు మాత్రం కాయని తొక్కతో సహా ఊరబెడతాం. జిన్ కాచేవాళ్లదీ ఊరగాయ బుద్ధే. లండన్ డ్రై జిన్‌లో జునిపర్ పళ్ల తర్వాత ముఖ్యమైన దినుసు మన ధనియాలే. చాలా రకాల్లో ఎండబెట్టిన నిమ్మ, నారింజ తొక్కలు కూడా పడతాయి. జిన్‌లో ముందే తొక్క ఉంది కాబట్టి, దానికి జోడీ తొక్కే.

ఇప్పుడు పని చెబుతా. ఆరు లైములు తీసుకో. అక్కడ దొరికేవి గింజల్లేని పెద్ద కాయలు, తొక్క దళసరి. మన నిమ్మకాయ తొక్క పల్చన, అందుకే నేను తురుముకోవాలి. నువ్వు పీలరుతో హాయిగా చెక్కెయ్యొచ్చు. వాటి మీద మైనం పూస్తారు, ముందు వేణ్నీళ్లలో రుద్ది కడుగు. పచ్చటి పొర వరకే తియ్యి, కింది తెల్లపొర చేదు. చెక్కిన తొక్కల మీద 150 గ్రాముల పంచదార వేసి వేళ్లతో గట్టిగా పిసుకు. మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేసరికి పంచదార తొక్కలోని నూనెని లాగి తడితడిగా అయివుంటుంది. అందులో 150 మి.లీ. రసం పోసి కరిగేదాకా కలిపి వడగట్టు. పొయ్యి జోలికి మాత్రం వెళ్లకు. వేడి తగిలిందంటే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలో ఏమీ మిగలదు. ఫ్రిజ్‌లో పెడితే వారం దాటినా బాగుంటుంది.

గిమ్లెట్‌కి 60 మి.లీ. జిన్, 30 మి.లీ. ఈ కార్డియల్, రెండు పలుకుల ఉప్పు. సవాయ్ వారి సగంసగం లెక్క మన నాలుకకి మరీ తీపి. షేకర్ లేకపోతే బిగుతు మూతున్న స్టీలు సీసా చాలు. నిండా ఐసు వేసి, చెయ్యి జివ్వుమనేదాకా, పది పదిహేను సెకన్లు గట్టిగా కుదుపు. ఐసు కరిగి పానీయం 120 మి.లీ. దాకా అవుతుంది. నీళ్లయిపోయిందని బెంగపడకు, ఆ నీరు కూడా వంటలో భాగమే. లేకపోతే జిన్ గొంతు మండిస్తుంది. టీ జాలీలో వడగట్టి, ఫ్రీజర్లో పెట్టిన గ్లాసులో పోసుకో.

జిన్ మరీ ఖరీదైంది అక్కర్లేదు, జునిపర్ ఘాటు తెలిసే లండన్ డ్రై అయితే చాలు. పువ్వుల వాసన, పళ్ల రంగు వేసినవి వద్దు. నేను గోవాలో కాచిన జిన్ వాడుతున్నాను, 42.8 శాతం. అందుకని ఒక హెచ్చరిక: ఈ కార్డియల్ ఘాటుని దాచేస్తుంది, రెండోది పోసుకునే ముందు కాసేపు ఆగు.

నేనిక్కడ ఇదే పద్ధతి దబ్బకాయతో చేశాను. తొక్క వాసన మత్తెక్కిస్తుంది, నిమ్మకన్నా బరువైన పరిమళం. బత్తాయి మాత్రం కుదరదు. తొక్క బాగానే ఉంటుంది కానీ రసంలో పులుపు లేక జిన్ ముందు తేలిపోతుంది. దానికి నిమ్మఉప్పు చేర్చాలి, ఎంతన్నది తేలాక రాస్తాను.

మీ అత్తగారు వస్తున్నారని రాశావుగా. ఆవిడకి ఇదే కార్డియల్ సోడాలో పోసి, చిటికెడు ఉప్పేసి ఇవ్వు. మెచ్చుకుంటారు. అందులో ఇంకేం కలుపుకుంటారో అడిగితే మాత్రం నా పేరు చెప్పకు.

ఇట్లు,
నీ
నేనే