క్రియను వెన్నంటు చిన్న మాటలు

ఆంగ్లము నేర్వగోరు మన స్త్రీలు మొదట భయపడునది పెద్ద పెద్ద పదములను జూచి. మా యనుభవమున పెద్ద పదములు అంతగా బాధింపవు. వానికి నిఘంటువున అర్థము దొరకును. బాధించునవి అప్, డౌన్, అవుట్, ఆఫ్, ఆన్ అను చిన్న మాటలే. ఇవి గివ్, పుట్, గెట్, టేక్ వంటి సామాన్య క్రియల వెనుక జేరినప్పుడు, రెండు మాటలను విడివిడిగా నెఱిగినవారికి సైతము ఆ జంట యర్థము అందకుండును. గివ్ అనగా ఇచ్చుట. అప్ అనగా పైకి. కాని గివ్ అప్ అనగా పైకిచ్చుట గాదు, మానివేయుట. ఈ విషయమున మాకు దోచిన నాలుగు మాటలను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా చదువు ఇంటి చదువు. బాల్యమున తండ్రిగారి యొద్ద అమరమును, రఘువంశమును, ఆంధ్ర మహాభారతమున కొన్ని పర్వములను జదివితిమి. వివాహమై పిఠాపురము వచ్చిన పిమ్మట, ఉపాధ్యాయులగు మా వారి పుస్తకములనుండి ఆంగ్లము నేర్చుకొంటిమి. మధ్యాహ్నము ఇంటిపనులు ముగిసిన వెనుక ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు మా యింట జేరి చదువుకొనుట వాడుక. మన ప్రభుత్వము 2020వ సంవత్సరమున ఒక పుటను తెలుగును, ఎదుటి పుటను ఆంగ్లమును ముద్రించి పిల్లల కిచ్చిన పాఠ్యపుస్తకములు తల్లులకు గూడ మంచి గురువులైనవి. ఎదురెదురు పుటలను పోల్చి చూచునప్పుడే ఈ చిన్న మాటల సంగతి మాకు స్పష్టపడినది.

ఈ చిక్కు మన కొక్కరికే కలిగినది గాదు. ఆంగ్లేయులలో మహాపండితుడగు శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికయందే, క్రియల వెనుక ఇట్టి మాటలు జేరి అర్థమును మార్చుట పరదేశీయులకు మిక్కిలి కష్టమైన విషయమని చెప్పియున్నాడు. ఈ జంటలకు ఫ్రేజల్ వెర్బులను పేరును హెన్రీ బ్రాడ్లీ యను నిఘంటుకారుడు సూచింపగా, లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథమున వాడెను. 1930లో ఆగ్డెన్ అను నాయన 850 మాటలతోనే ఆంగ్లమున వ్యవహారమంతయు నడుపవచ్చునని యొక పట్టికను గూర్చెను. అందు క్రియలు పదునెనిమిది మాత్రమే. అన్ని తక్కువ క్రియలతో పని జరుగుటకు ఈ చిన్న మాటల సహాయమే ముఖ్య కారణము.

సంస్కృతము కొంచెమైన నెఱిగినవారికి ఇది క్రొత్త వింత గాదు. ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము — అన్నిటను హృ ధాతువొక్కటియే. ముందు జేరిన ఉపసర్గ అర్థమును ఎచ్చటికో కొనిపోయినది. సంస్కృతమున ముందు నిలిచి చేయు పనిని ఆంగ్లమున వెనుక నిలిచి చేయుచున్నవి, భేద మింతియే.

మఱి మన తెలుగున ఆ పని చేయున దేది? రెండవ క్రియ. పిల్లవాడు అన్నము తినెను అనుట వేఱు, తినివేసెను అనుట వేఱు. రెండవదానిలో కంచము ఖాళీ యైనదని తెలియును. ఆంగ్లమున మొదటిది ఈట్, రెండవది ఈట్ అప్. అప్ అనుమాట ఇచ్చట పైకి అని చెప్పుట లేదు. పూర్తిగా అని చెప్పుచున్నది. అట్లే రన్ అవే అనగా పాఱిపోవుట, త్రో అవే అనగా పాఱవేయుట, ఫైండ్ అవుట్ అనగా తెలిసికొనుట. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణమును జదివినవారు కొను ధాతువు మఱియొక క్రియకు అనుప్రయుక్తమగుట నెఱుగుదురు. మన భాషలో పోవు, వేయు, కొను అనునవి మోయు బరువును ఆంగ్లమున అప్, అవే, అవుట్ అనునవి మోయుచున్నవి. కావున మాటకు మాట పెట్టి అర్థము చేయరాదు. జంటకు జంట వెదకవలెను. తగిన తెలుగు మాట తోచనప్పుడు మేము మా యూరి మహారాజుగారి పేర వెలసి, 1936లో మొదటి సంపుటము వెలువడిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువును జూతుము.

ఇది పండితుల చర్చ మాత్రమే యనుకొనరాదు. మా పొరుగున నొక పెద్దమ్మగారు రక్తపుపోటుకు మందు పుచ్చుకొనుచున్నారు. వైద్యులు వ్రాసి యిచ్చిన కాగితమున కట్ డౌన్ ఆన్ సాల్ట్ అని యుండెను. ఇంటి కుఱ్ఱవాడు కట్ అను మాట మాత్రము పట్టుకొని, ఉప్పు కట్ చేయుమన్నారు, అని చెప్పెను. తెలుగువారి వాడుకలో కట్ చేయుట యనగా ఆపివేయుటయే గదా! ఆమె పది దినములు చప్పిడి కూడు తిని, నోటికి సయింపక, సగము కడుపుతో లేచి నీరసించిరి. మధ్యాహ్నపు చదువునకు ఆ కాగితము మా చేతికి వచ్చినది. కట్ డౌన్ ఆన్ అనగా తగ్గించుకొనుట. పూర్తిగా మానుమనుటకు కట్ అవుట్ అని యుండవలెను. వైద్యులనే మరల నడిగి రమ్మంటిమి. తగ్గింపుమనియే తమ యభిప్రాయమని వారు చెప్పిరి. డౌన్, అవుట్ — ఈ రెంటికి నడుమ నున్నది ఒక పెద్ద ప్రాణికి పట్టెడన్నము.

ఇక వాక్యమున వీని స్థానమును గూర్చి. తెలుగున క్రియావిశేషణములన్నియు క్రియకు ముందే వచ్చును: ఆమె ఎల్లప్పుడు పెందలకడ లేచును. ఆంగ్లమున షీ ఆల్వేస్ గెట్స్ అప్ ఎర్లీ అందురు. ఎల్లప్పుడు అను మాట క్రియకు ముందును, పెందలకడ అనునది వెనుకను నిలిచినవి. అప్ అనునది క్రియకు అంటుకొనియే యున్నది. నిప్పు నార్పు మనుటకు పుట్ అవుట్ ద ఫైర్ అనియు, పుట్ ద ఫైర్ అవుట్ అనియు రెండు విధముల ననవచ్చును. కాని దానిని అను సర్వనామము వచ్చెనా, పుట్ ఇట్ అవుట్ అని నడుమనే యుంచవలెను. లుక్ ఆఫ్టర్ అను దానికి ఈ నియమము లేదు; లుక్ ఆఫ్టర్ హిమ్ అనియే చెప్పవలెను. ఏలన, అచ్చట ఆఫ్టర్ అనునది మన విభక్తి ప్రత్యయమువలె నామమునకు జేరినది. అవుట్ అనునది క్రియకు జేరినది. ఈ భేదము తెలిసిన, సగము తప్పులు తమంత తామే తొలగును.

మఱియొక ముచ్చట. స్టవ్ ఆఫ్ చేయుము, మోటారు ఆన్ చేయుము అని ప్రతి యింటను వినుచున్నాము. ఆంగ్లేయులు టర్న్ ఆఫ్, స్విచ్ ఆన్ అందురు. మనవారు టర్న్, స్విచ్ అను క్రియలను విడిచి, చిన్న మాటను మాత్రము గ్రహించి, దానికి మన చేయు ధాతువును దగిలించిరి. అక్షరమెఱుగని ముత్తవ్వ సైతము ఆఫ్ చేయవే యనును. అర్థము ఎచ్చట నున్నదో జనుల నాలుకయే కనుగొన్నది!

కావున ఆంగ్లము నేర్చుకొనువారు ఒక పుస్తకమున అప్, డౌన్, అవుట్, ఆఫ్, ఆన్ అని పుట కొకటి చొప్పున వ్రాసికొని, కనబడిన జంటను ఆ పుటలో, తమ యింటి పనికి సంబంధించిన యొక వాక్యముతో జేర్చుకొనుట మేలు. దినమునకు రెండు జంటలు చాలును. పిల్లల పాఠశాలనుండి, బ్యాంకునుండి, వైద్యశాలనుండి వచ్చు కాగితములలో నుండునవి తఱచుగా ఈ మాటలే. వానిని ఒరుల నోట వినుటకంటె మన కన్నులతో జదివికొనుట ఇల్లాలికి క్షేమము.