దసరా సెలవులకు గోస్తని వెంట

పిల్లలూ! ఆకాశంలో నల్లమబ్బులు పోయి, తెల్లమబ్బులు దూదిపింజల్లాగా తేలుతున్నవంటే శరదృతువు వచ్చిందన్నమాట. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరత్కాలం. తంగేడు, గునుగు పూసి, మన ఆడపిల్లలు బతుకమ్మలు పేర్చే రోజులివి. వానలు వెనకపట్టినా కొండల మీద పచ్చదనం తగ్గదు. చెరువులు నిండుగా ఉంటవి. బురద అడుక్కు దిగి నీళ్ళు తేటపడుతూ ఉంటవి. ఎండ మాడదు, చలి వణికించదు. కొండలూ కొలనులూ చూడటానికి ఇది మంచి కాలం. పైగా దసరా సెలవులు!

మా బేగంపేట వీధిలో మూడు కుటుంబాలవారు ఈ సెలవులకు నాలుగు రోజుల యాత్ర తలపెట్టారు. పథకం వేసే పని పిల్లలకే అప్పగించారు. నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా ఉన్నవాణ్ణి గనుక, వాళ్ళు కాగితాలూ పటమూ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆ పథకం ఎలా తయారైనదో చెబుతాను. మీకు కూడా పనికిరావచ్చు.

మొదట ఎక్కడికి పోవాలన్నదే తగువు. ఒకడు పాపికొండలన్నాడు. గోదావరి మీద లాంచీలో పోతూ రెండువైపులా కొండలు చూడటం గొప్ప వేడుకే. కాని సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గోదావరికి వరద ఉండవచ్చు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో ఒక విహారనౌక మునిగి ఎందరో ప్రాణాలు పోయినవి. "నది నెమ్మదించిన తరువాత, చలికాలంలో పోదాం" అని పిల్లలే తీర్మానించారు. మరొకడు సినిమాల్లో చూసిన ఆల్ప్స్ పర్వతాలన్నాడు. అందరూ నవ్వారు. కాని ఆ మాట ఊరికే పోలేదు. ఆల్ప్స్ పటం తీసి వాళ్ళకు రోన్ నదిని చూపించాను. అది మంచుకొండలో పుట్టి, జెనీవా సరస్సులో దూరి, అవతలి ఒడ్డున బయటపడి, చివరకు మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. ఒక్క నది వెంట పోతే కొండ, సరస్సు, సముద్రం మూడూ కనబడతవి.

"మన దగ్గర అట్లాంటి నది లేదా?" అని అడిగింది ఏడో తరగతి చదివే అమ్మాయి. ఉన్నది. తూర్పు కనుమల్లో, అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని. అది బొర్రా గుహల గుండా పారి, విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దాంతో అరకు ప్రయాణం ఖాయమైంది.

ఇక చూడవలసినవాటి జాబితా రాశారు. పదకొండు తేలినవి! ఒక్కొక్క దాని ఎదుట మూడు గడులు గీయించాను: చేరటానికి ఎంతసేపు, చూడటానికి ఎంతసేపు, ఎంత నడవాలి. మొదటి రెండు గడులూ కూడితే నాలుగు రోజులు చాలలేదు. మూడో గడి నింపుతూ ఉండగా ఆ అమ్మాయి కలం ఆపేసింది. వాళ్ళ నాయనమ్మకు డెబ్భై దాటినవి. "మీరు పోయి రండ్రా. నా మోకాళ్ళు నడవనియ్యవు. నేను ఇల్లు చూసుకుంటా" అని ఆమె ముందే చెప్పేసిందట. బొర్రా గుహలోకి దిగటానికి, తిరిగి ఎక్కటానికి చాలా మెట్లున్నవి. అందుకని ఎవరూ ఆమెను మళ్ళీ అడగలేదు.

ఆ అమ్మాయి పటం మీద వేలుపెట్టి గోస్తని గీత వెంట కిందికి జరిపింది. "తాతగారూ, గుహలో ఉన్న నీళ్ళే తాటిపూడికి పోతున్నయి, భీమిలికి పోతున్నయి. అక్కడ మెట్లు లేవు కదా. నాయనమ్మ గుహ చూడకపోయినా, ఆ నీళ్ళను రెండుచోట్ల చూస్తుంది" అన్నది. ఆమాటతో పథకమంతా మారింది. పదకొండులో అయిదు కొట్టేశారు. చాపరాయి జలపాతం పోయింది. జీపు ఎక్కి, ఆపైన నడవవలసిన కటికి జలపాతం పోయింది. చివరిరోజు మొత్తం నదికే ఇచ్చారు. ఇష్టమైనవాటిని కొట్టేసేటప్పుడు ఇద్దరు చిన్నవాళ్ళు మూతి ముడుచుకున్న సంగతి కూడా చెప్పాలి. అయినా వాళ్ళే పోయి నాయనమ్మ చేత "సరే" అనిపించుకుని వచ్చారు.

ఇప్పుడు పథకం వినండి.

బయలుదేరటం సికింద్రాబాదు నుంచి, రాత్రి రైలులో. విశాఖపట్నం సుమారు 700 కిలోమీటర్లు. రైలు టిక్కెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి ఇస్తారు; 2024 నవంబరుకు ముందు ఈ గడువు 120 రోజులుండేది. పండుగ రోజులు గనుక గడువు తెరిచిన ఉదయమే కొనాలి. అయిదేళ్ళు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపువారికి బెర్తు వద్దనుకుంటే సగం ధర, కావాలంటే పూర్తి ధర. పెద్దవారి వయసు సరిగా రాస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ.

మొదటి రోజు విశాఖలోనే. తెల్లవారి దిగీదిగగానే అరకు రైలెక్కవచ్చునని ఒకడు వాదించాడు. మన బండి గంట ఆలస్యమైతే ఆ రైలు తప్పిపోతుంది. అందుచేత ఆ రోజు విశ్రాంతి తీసుకుని, సాయంత్రం సముద్రతీరం, అక్కడే ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి చూడటం. మన నౌకాదళంలో పనిచేసి 2001లో విరమించిన ఓడ అది. ఇప్పుడు ప్రదర్శనశాల.

రెండో రోజు ఉదయం కిరండూల్ పోయే రైలులో అరకు. ఈ రైలుమార్గాన్ని 1960 ప్రాంతాల్లో, బైలదిల్లా గనుల ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చటానికి వేశారు. అరకు చేరేలోగా యాభైకి పైగా సొరంగాలు వస్తవి. లెక్కపెట్టే పని చిన్నవాళ్ళది. దారిలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశమంతటికీ ఇదే ఎత్తైనదని ఒకప్పుడు పేరు. అక్కణ్ణుంచి బండి కొంచెం దిగి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలోకి పోతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. మన బేగంపేట సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే, మనం రాత్రంతా నిద్రలో సముద్రం దాకా దిగి, పగలు మళ్ళీ ఎక్కుతామన్నమాట! వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరకు విశాఖకన్న ఆరు డిగ్రీలు చల్లగా ఉంటే, బేగంపేటకన్న రెండున్నర డిగ్రీలే చల్లగా ఉండాలి. అయితే చుట్టూ అడవి, పొద్దున్నే పొగమంచు ఉంటవి గనుక రాత్రిళ్ళు స్వెట్టరు తప్పదు.

అరకులో గిరిజన ప్రదర్శనశాల చూడాలి. లోయలో వలిసె పూలు పూస్తే పొలాలన్నీ పసుపు ఆరబోసినట్లుంటవి. దసరా తొందరగా వచ్చిన ఏడు అవి ఇంకా విచ్చుకోకపోవచ్చు. అందుచేత వాటిని పథకంలో రాయలేదు, కనబడితే అదృష్టం. అక్కడ బగత, కొండదొర, వాల్మీకి, పోర్జా మొదలైన తెగలవారు తరతరాలుగా ఉంటున్నారు. ధింసా నాట్యం వాళ్ళ పండుగల నాట్యం. వారి ఇళ్ళముందు నిలబడి అడగకుండా ఫోటోలు తీయరాదు. మన వాకిట్లో ఎవరైనా అలా చేస్తే మనకెట్లా ఉంటుంది?

మూడో రోజు కారులో అనంతగిరి వైపు దిగటం. దారిలో కాఫీ తోటలున్నవి. పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు చూడవచ్చు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరువాత బొర్రా గుహలు. ఒక ఆవు పైనున్న రంధ్రంలోంచి గుహలో పడిందనీ, దాన్ని వెతుకుతూ పోయిన పశువుల కాపరికి లోపల శివలింగం కనబడిందనీ అక్కడి కథ. గోస్తని అంటే ఆవు పొదుగు. శాస్త్రం చెప్పే కథ వేరు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతిని వేల వేల ఏళ్ళు కరిగించి గుహను తొలిచింది. కప్పునుంచి జారే ప్రతి బొట్టూ పిసరంత సున్నం వదిలిపోతుంది. అదే పైనుంచి ఊడల్లాగా వేలాడుతుంది, కింద పుట్టల్లాగా లేస్తుంది. ఒక వేలెడు పెరగటానికి వందల ఏళ్ళు పట్టవచ్చు. మన చేతి జిడ్డు అంటితే ఆ పెరుగుదల ఆగిపోవచ్చు గనుక వాటిని ముట్టుకోరాదు. అందరూ లోపలికి పోయినంతసేపు నాయనమ్మ దగ్గర ఇద్దరు వంతుల ప్రకారం ఉండాలని రాసుకున్నారు. ఆ రాత్రి అనంతగిరిలోనే బస.

బస కుదుర్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మనకు అనంతగిరులు రెండున్నవి. వికారాబాదు దగ్గరి అనంతగిరిలో గది తీసుకుని, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరికి పోతే ఏమి లాభం? ఊరు పేరుతోపాటు జిల్లా పేరు కూడా చూడాలి.

నాలుగో రోజు నాయనమ్మది. కనుమదారి దిగి, శృంగవరపుకోట మీదుగా తాటిపూడి. కొండల నడుమ గోస్తనికి అడ్డుకట్ట కట్టగా ఏర్పడిన జలాశయమిది. పొలాలకూ, విశాఖ నగరానికీ నీళ్ళిస్తుంది. అక్కణ్ణుంచి భీమునిపట్నం. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నవి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత పట్నం. గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి, తీరం వెంట విశాఖకు వచ్చి, రాత్రి రైలెక్కటం.

ఇవిగాక ఒక కాగితం మీద జాగ్రత్తలు రాయించాను. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటి నగరాన్ని అతలాకుతలం చేసింది. కనుక బయలుదేరే ముందు వాతావరణశాఖ ప్రకటన చూడాలి. తుపాను హెచ్చరిక ఉంటే ఏడ్పులూ, వాదనలూ లేకుండా యాత్ర మానుకోవాలి. ఈ షరతు కింద పిల్లలందరూ సంతకాలు పెట్టారు. డబ్బు తిరిగి ఇచ్చే బసలే కుదుర్చుకోవాలని పెద్దలూ ఒప్పుకున్నారు. మలుపులదారిలో కడుపు తిప్పేవాళ్ళు తేలికగా తిని, దూరపు కొండలకేసి చూస్తూ ఉండాలి. దోమల మందు మరవరాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టినది 1897 ఆగస్టు 20న, మన బేగంపేటలోనే. ఆ ఊరి పిల్లలే దోమల సంగతి మరిస్తే ఎట్లా?

ఇంత దూరం పోవటానికి అందరికీ డబ్బు వీలుకాదు. దానికీ ఉపాయమున్నది. బేగంపేట స్టేషను మీదుగా పోయే రైలుమార్గమే వికారాబాదుకూ పోతుంది. అక్కడి అనంతగిరి కొండల్లోనే మన మూసీ పుడుతుంది. కొండ ఒక రోజు, గండిపేట మరొక రోజు చూడవచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచిన తరువాత, మళ్ళీ అంతటి వరద రాకుండా కట్టినదే గండిపేట, అనగా ఉస్మాన్‌సాగర్. 1920లో పూర్తయింది. ఇక్కడా కొండ ఉన్నది, నది ఉన్నది, సరస్సు ఉన్నది. ఖర్చు రైలు, బస్సు టిక్కెట్లూ, ఒక సద్దిమూటా.

మీరూ మీ జిల్లా పటం తీసి ఒక నదిని పట్టుకోండి. ఎక్కడ పుట్టింది, ఏ చెరువును నింపింది, ఎందులో కలిసిందో చూసి, రెండు రోజుల పథకం రాయండి. మూడు గడులు మరవకండి. పోతూ పోతూ ఒక లెక్క: విశాఖ తీరాన 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, ఎత్తును బట్టి చూస్తే శిమిలిగూడలో సుమారు ఎన్ని డిగ్రీలుండాలి?