కత్తెర అక్కర్లేని ఏప్రన్

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో అన్నిటికంటే ఆఖరున పెట్టెలోకి వెళ్లేది తువ్వాలు. లారీ గుమ్మం ముందు నిలబడ్డాక కూడా ఎవరో ఒకరు దాంతో మొహం తుడుచుకుంటూనే ఉంటారు. కొత్త ఊళ్లో దిగాక మొదట వెతికేదీ దాన్నే. ఈ సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా తెలుగు తరగతిలో 11 మంది పిల్లలు, ఒక టీచరు. మొత్తం మేము 12 మందిమి. ఈ ఏడాది కొన్ని తెలుగు పీరియడ్లను కుట్టుపనికి ఇచ్చుకున్నాం. కుట్టుకీ తెలుగుకీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. చేతిలో పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. అంచు, మడత, నాడా, పిన్నీసు, కచ్చాకుట్టు, ముడి. రాసుకుని బట్టీపట్టిన మాటలు వేసవి సెలవుల్లోపే జారిపోతాయి గానీ, వేలికి గుచ్చుకున్న సూదిని ఎవరు మరిచిపోతారు?

కుట్టింది ఏప్రన్. దీన్ని తెలుగులో ఏమంటారని మొదటి రోజే పేచీ వచ్చింది. మన ఇళ్లలో దీనికంటూ వేరే బట్ట లేదు. అమ్మమ్మలు కొంగు తీసి నడుముకు దోపుకుంటారు. పెళ్లి వంటవాళ్లు తుండు బిగించి కడతారు. పని అయ్యాక కొంగు మళ్లీ కొంగే, తుండు మళ్లీ తుండే. ఇంగ్లీషు మాటకేమో ఒక తమాషా కథ ఉంది. అది మొదట ‘నేప్రన్’. బల్ల మీద పరిచే గుడ్డకు ఫ్రెంచివాళ్లు వాడిన మాట నుంచి వచ్చింది. ‘ఎ నేప్రన్’ అంటుంటే వినేవాళ్లకు ‘ఏన్ ఏప్రన్’ అని వినిపించి, ‘న’ కాస్తా పక్క మాటలోకి వెళ్లిపోయింది. “అయితే ‘న’కి కూడా ట్రాన్స్‌ఫరే!” అన్నాడు మాలో ఒకడు.

ఇంటి నుంచి తలా ఒక తువ్వాలు తెచ్చుకోవాలన్నాం. తెచ్చినవి బల్ల మీద పరిస్తే నాన్నగార్ల పోస్టింగులన్నీ అక్కడే కనిపించాయి. కేరళ నుంచి వచ్చిన పిల్ల తెచ్చినది పల్చటి తోర్తు. కోల్‌కతాలో నాలుగేళ్లు ఉన్నవాడిది ఎర్రగళ్ల గామ్‌ఛా. తమిళనాడు నుంచి వచ్చినవాడు తన దాన్ని తుండు అంటే, “అది మా మాట కదా!” అని ఇద్దరు తెలుగువాళ్లు ఆశ్చర్యపోయారు. ఒకరి సామాను పెట్టెలు ఇంకా విప్పనేలేదు. వాళ్లు వారపు సంతలో కొత్తది కొనుక్కొచ్చారు.

కొత్తదైతే ముందు నీళ్లలో నానబెట్టి, ఉతికి ఆరబెట్టాలి. నూలు బట్ట మొదటి ఉతుకులో కొంచెం కుంచించుకుంటుంది, గంజీ పోతుంది. ఎర్ర గామ్‌ఛా అయితే రంగు కూడా వదులుతుంది, దాన్ని విడిగా ఉతకండి. బొచ్చు తువ్వాలు మాత్రం వద్దు. పోగులు సూదికి తగులుకుని పిల్లల ఓపిక పరీక్షిస్తాయి.

మా కొలత 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉన్న వంటింటి తువ్వాలుకి సరిపోతుంది. తువ్వాలును నిలువుగా పరవండి. పై అంచు మీద ఒక్కో మూల నుంచి లోపలికి నాలుగున్నర అంగుళాల దగ్గర, పక్క అంచు మీద కిందికి 9 అంగుళాల దగ్గర సుద్దతో గుర్తులు పెట్టండి. ఆ రెండు గుర్తులూ కలిసే గీత మీద మూలను వెనక్కి మడవండి. వెనకవైపు ఒక త్రికోణం పడుతుంది. మడతకు ఒక అంగుళం ఇవతలగా, మడత పొడవునా ఒక కుట్టు వేస్తే లంగాకి నాడా ఎక్కించే చోటులాంటి గొట్టం తయారవుతుంది. త్రికోణం కొన వేలాడకుండా అక్కడా రెండు కుట్లు వెయ్యండి. రెండో మూలా అంతే. ఇప్పుడు రెండున్నర మీటర్ల నాడా కొసకు పిన్నీసు గుచ్చి, ఒక గొట్టంలో కింద నుంచి పైకి, మెడకు సరిపడా వదిలి, రెండో గొట్టంలో పై నుంచి కిందికి లాగండి. మిగిలిన కొసలు వెనక కట్టుకోవడానికి. నాడాని అటూ ఇటూ జరిపితే అన్నయ్యకీ సరిపోతుంది, చెల్లికీ సరిపోతుంది.

జేబు కావాలంటే కింది అంచును 5 అంగుళాలు ముందుకు మడిచి, రెండు పక్కలా కుట్టి, మధ్యలో ఇంకో కుట్టు వేస్తే రెండు జేబులు. గళ్లు నేసిన తువ్వాలు ఇక్కడ పనికొస్తుంది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి. అచ్చు వేసిన పూల తువ్వాలు తెచ్చినవాళ్ల జేబులు వెలిసిపోయినట్టు కనిపించాయి. వాళ్లు వాటి మీద తమ పేర్లు తెలుగులో దారంతో కుట్టుకున్నారు. ‘క్ష’ ఉన్న పిల్లకు రెండు పీరియడ్లు పట్టింది.

ఈ మొత్తం పనిలో కత్తెర దారం తెంచడానికే. కుట్లు విప్పితే తువ్వాలు మళ్లీ తువ్వాలే. ఇలా కుట్టాలని మేము ముందే అనుకున్నది కాదు. ఆరో తరగతి అమ్మాయి ఒకతె అస్సాం గామోసా తెచ్చింది, తెల్ల బట్ట మీద ఎర్ర పూల నేత. అక్కడి నుంచి వచ్చేసే రోజున పొరుగువాళ్లు వాళ్ల అమ్మ మెడలో వేశారట. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. “దీన్ని కొయ్యరు కదా?” అని ఆ పిల్ల బల్ల మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కొయ్యకుండా కుట్టే దారి వెతికింది అందుకే. దారి దొరికాక కూడా, మర్యాదగా మెడలో వేసిన బట్టతో పసుపు మరకలు తుడవడం మాలో ఎవరికీ నచ్చలేదు. తోర్తు పిల్ల ఇంట్లో ఇంకొకటి ఉంటే తెచ్చి ఇచ్చింది. గామోసా నాలుగు మడతలు పడి ఇంటికి వెళ్లిపోయింది.

మగపిల్లలు కుట్టడమేమిటని ఎవరూ అనలేదు. బజారులో మిషను ముందు కూర్చునేది ఎక్కువగా మగవాళ్లే కదా.

దసరా సెలవులయ్యాక ఆ ఆరో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారికి మళ్లీ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి తోర్తుకి నాడా ఎక్కింది, జేబు పక్కలు కుట్టడం అయింది, మధ్య కుట్టే మిగిలింది. చివరి రోజున సుద్దతో ఆ గీత గీసి, దారం ఎక్కించిన సూదిని గీత మొదట్లో గుచ్చి, మడిచి ఇచ్చాం.